లాభంతో మొదలైన అడుగు

ఆ రోజుల్లో, అంటే మీసం సరిగ్గా రాకముందే బేరం వచ్చేసిన రోజుల్లో, మాటలతో దించలేనిది లోకంలో ఏదీ లేదని నా నమ్మకం. నారాయణఖేడ్‌లో మాది కందులు కొనే దుకాణం. నన్ను చూడగానే నాగల్‌గిద్ద రైతులు మూట ముడి ఇంకాస్త బిగించుకునేవారు. అలాంటి నాకు బాపు (మా నాన్న) కాళ్లు మాత్రం అర్థం కాలేదు. పార్కిన్సన్స్ అన్నారు దవాఖానలో. మెట్లు చక్కగా ఎక్కే మనిషి (ఎక్కేవాడండీ, కళ్లారా చూశాను) ఇంట్లోంచి దుకాణంలోకి వచ్చే గడప ముందు మేకు కొట్టినట్టు ఆగిపోయేవాడు. నాటకమేమోనని చెయ్యి పట్టి లాగాను. పడ్డాడు. "ఇంకోసారి పడితే దుకాణం బంద్, మంచం మీదనే కూసో" అని అమ్మ తేల్చేసింది. బాపు ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు.

దవాఖాన నుంచి వ్యాయామం నేర్పే అక్క వచ్చి, "గుంజకు తమ్మీ. కాలు ఆగితే ఆయన్ను నిలవడనియ్యి. గప్పుడు నువ్వు లెక్కవెట్టుకుంట పెద్ద అడుగు ఎయ్యమను. రోజూ ఇరవైసార్లు" అంది.

"పన్నెండు చెయ్యరాదక్కా!"

"గిది కందుల బేరం కాదు."

మర్నాడు గడప దగ్గర నిలబడి "ఒకటి!" అన్నాను. బాపు నా మొహం చూశాడు. కాలు కదల్లేదు. గట్టిగా అన్నాను, బతిమాలుతూ అన్నాను, ఆఖరికి ఉర్దూలో కూడా అన్నాను. "ఏంది బాపూ, నాతోని గూడ బేరమా?"

సరిగ్గా అప్పుడే దుకాణంలో, నా కాంటాను నమ్మని ముసలి రైతొకడు కందులు శేరుతో కొలుస్తూ "లాభం..." అన్నాడు. (కొలిచేటప్పుడు మొదటిదాన్ని మేం ఒకటి అనం, లాభం అంటాం.) బాపు కుడికాలు లేచి గడప దాటింది. "రెండు..." ఎడమకాలూ వచ్చింది. "మూడు" దగ్గర బాపే గొంతు కలిపాడు. గద్దె మీద కూర్చున్నాక నావైపు తిరిగి, "ఒకటని ఎవడన్న మొదలువెడ్తడారా? దుకాణంల పుట్టినోనివేనా నువ్వు?" అన్నాడు.

ఆ తర్వాత రోజూ ఇరవై. ఒక్కటి కూడా తగ్గించలేదు.

ఇప్పుడు ఆ గద్దె మీద నేనే. దవాఖానలో నన్ను పొద్దున్నే నలభై నిమిషాలు నడవమన్నారు, ముప్పైకి ఒప్పించాను. కానీ గడప దాటేటప్పుడు, ఎవరూ వినకుండా, లాభం అనుకుంటాను. ఏం లాభమో ఇప్పటికీ తెలియదు. కాలు మాత్రం లేస్తుంది.