నేను నింపిన పదహారు గడులు

పక్క ఫ్లాట్‌లో ఎండు నెత్తళ్ళు వేయిస్తున్నారు. ఆ వాసన వచ్చిందంటే పై అంతస్తువాళ్ళు కిటికీలు మూసుకుంటారు. నేను మాత్రం చేస్తున్న పని ఆపి, వరండా తలుపు బార్లా తీసి నిలబడతాను. నెల్లూరు దగ్గర సంగం అనే ఊళ్ళో పుట్టి పెరిగిన నాకు వరి తప్ప ఇంకో లోకం తెలియదు. సముద్రపు చేప వాసన అలవాటు చేసింది మా యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పిన రూతమ్మ మేడమ్. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమెను చూడనివాళ్ళకి ఆమె ఎలాంటి మనిషో చెప్పాలని చాలాసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ పొగడ్తలు రాసి, చదువుకుని, చించేశాను. పొగడ్తలంటే ఆమెకి గిట్టదు. అందుకని ఈసారి జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా యూనివర్సిటీలో డేటా సైన్స్ శిక్షణ కేంద్రం అంటే రెండు గదులు, పద్దెనిమిది కంప్యూటర్లు. అందులో ఎన్ని పనిచేస్తాయో ఆ రోజు కరెంటు దయ. కేంద్రం బాధ్యత మేడమ్‌ది. గది బయట నోటీసు బోర్డు నిండా వర్క్‌షాపులు, పోటీలు, ఇంటర్న్‌షిప్‌ల కాగితాలు ఉండేవి. ఎమ్మెస్సీలో చేరిన కొత్తలో ఆ కాగితాలన్నీ చదివేదాన్నే గానీ లోపల అడుగు పెట్టేదాన్ని కాదు. అందరూ ఇంగ్లీషులో గలగలా మాట్లాడుకుంటుంటే నాకు నోరు పెగిలేది కాదు. ఒకరోజు మేడమ్ వెనక నుంచి వచ్చి, "రోజూ బోర్డు చదువుతా ఉండావు, లోపలికి ఎప్పుడొస్తావమ్మా?" అన్నారు. నాకు ఇంగ్లీషు రాదు మేడమ్ అన్నాను. "కంప్యూటర్‌కీ రాదులే. దానికి వచ్చిందల్లా కూడికలు, తీసివేతలు. రా, కూర్చో" అన్నారు. కూర్చున్నాను.

మూడో వారానికి ల్యాబ్ తాళాలు నా చేతిలో పెట్టారు. ఆదివారం పొద్దున ఆమె చర్చికి వెళ్ళేవారు. ఆరాధన అయ్యాక బైబిలూ పాటల పుస్తకమూ ఉన్న సంచితోనే నేరుగా ల్యాబ్‌కి వచ్చేవారు, ఇద్దరికి సరిపడా క్యారియర్‌తో. అందులో పప్పుచారు, వేయించిన నెత్తళ్ళు ఉంటే ఆ రోజు నా పంట పండినట్టే. తింటూ నా ప్రోగ్రాం చూసేవారు. ఇక్కడ తప్పు అని ఏనాడూ అనలేదు. "ఇది నాకు అర్థం కాలా, చెప్పు" అనేవారు. చెప్పబోయి సగంలో నేనే నాలుక కరుచుకునేదాన్ని.

రెండో సంవత్సరంలో ఆ బోర్డు మీదికి ఒక కాగితం వచ్చింది. బెంగళూరులో ఆరు నెలల శిక్షణ, నెలనెలా భత్యం, ఆ తర్వాత దాదాపు ఖాయంగా ఉద్యోగం. మా యూనివర్సిటీకి ఒక్కటే సీటు. ప్రాజెక్టుల ప్రదర్శనలో మొదట వచ్చినవాళ్ళకి అది. నా ప్రాణమంతా దాని మీదే. మా నాన్న కౌలు రైతు. చదువయ్యాక ఏం చేస్తావని నన్ను ఒక్కసారీ అడగలేదు. ఊళ్ళోవాళ్ళకి మాత్రం "మా పాప బెంగళూరు పోతాది" అని అప్పటికే చెప్పేసుకున్నాడు.

జువ్వలదిన్నె రేవులో రేపు ఎన్ని చేపలు దిగుతాయో ఇవాళే అంచనా వేయగలిగితే, ఐసు ఎంత తెప్పించుకోవాలో అక్కడివాళ్ళకి తెలుస్తుంది. అదీ నా ప్రాజెక్టు. రేవులో ఒక గుమాస్తా ఒక పల్లె పడవలకి రోజూ పడిన చేపల తూకం ఆరు నెలలపాటు కంప్యూటర్లో ఎక్కించాడు. ఆ పట్టికను మేడమే అడిగి తెప్పించారు. అందులో పదహారు రోజుల గడులు ఖాళీ. ఖాళీలుంటే ప్రోగ్రాం మొరాయిస్తుంది. దానికి మందు అందరికీ తెలిసిందే, మిగతా రోజుల సగటు తీసి ఖాళీల్లో పెట్టడం. పుస్తకాల్లో ఉన్న పద్ధతే, ఒక్క ఆదేశంతో అయిపోతుంది. నింపాను. అంచనాలు ముచ్చటగా కుదిరాయి. సీటు చేతికొచ్చినట్టే అనుకుని పరుగున వెళ్ళి మేడమ్‌కి చూపించాను.

ఆమె కళ్ళజోడు సవరించుకుని పట్టికను మెల్లగా కిందికి జరుపుకుంటూ వెళ్ళారు. "అన్ని రోజులూ ఉత్త కిలోలే ఉండాయి. ఈ పదహారు రోజులకి మాత్రం చుక్క తర్వాత నాలుగంకెలు ఉండాయే. చేపల్ని అంత ఖచ్చితంగా ఎవురు తూచినారమ్మా?" అన్నారు. సగటు నింపానని చెప్పాను. "ఆ రోజుల్లో ఏం జరిగింది?" తెలియదన్నాను. ప్రదర్శన ఇంకా రెండు రోజులే ఉంది. "రేపు పోయి అడిగొద్దాం పా" అన్నారు.

బోగోలు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. దారి పొడవునా మూతి ముడుచుకుని కూర్చున్నాను. రేవు పక్కన ఆ పల్లెకే చెందిన పోలమ్మ అనే ఆవిడ ఎండు చేపలు తిరగేస్తోంది. మేడమ్ పోయి ఆమె పక్కన ఇసుకలోనే కూర్చుని, నన్ను తేదీలు చదవమన్నారు. పోలమ్మ వేళ్ళ మీద లెక్క వేసుకుంటూ చెప్పసాగింది. "అది శ్రీహరికోటలో రాకెట్ వదిలిన దినం. ఆ పక్క పోవద్దన్నారు, మావోళ్ళు పడవలు తీయనే లేదు." ఇంకో తేదీ చదివితే గాలివాన అంది. ఇంకోదానికి పల్లెలో పెళ్ళి అని నవ్వింది. ఆ తర్వాత వరసగా వచ్చే మూడు తేదీలు చదివాను. చేపలు తిరగేస్తున్న ఆమె చెయ్యి ఆగింది.

"ఆ మూడు దినాలు పడవలన్నీ పోయినాయమ్మా" అంది. "మా తమ్ముడు పడవలోంచి పడిపోయినాడు. పల్లె పల్లెంతా వాడి కోసం ఎతికినారు. నాలుగో దినం దొరికినాడు."

ఆమే మళ్ళీ అడిగింది, "ఆ దినాలకి నువ్వెంత రాసినావు పాపా?"

మేడమ్ వైపు చూశాను. ఆమె తల వంచుకున్నారు. "రోజుకి తొమ్మిది వందల కిలోలు" అన్నాను.

"వల తడవనే లేదమ్మా" అంది పోలమ్మ, మెల్లగా. నా మీద కోపమేమీ లేదు ఆ గొంతులో. కాసేపటికి చేతులు దులుపుకుని లేచి, మా ఇద్దరికీ టీ తెప్పించింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మేడమ్ మీద విరుచుకుపడ్డాను. దాచడం దేనికి, నిజంగానే ఒళ్ళు మండింది. "మీకు ముందే తెలుసు. నాకు బుద్ధి చెప్పడానికే తీసుకొచ్చారు" అన్నాను. "నాకేం తెలుసమ్మా? తెలిసుంటే నిన్ననే చెప్పేసేదాన్ని. ఆ తల్లి చేత ఆ మాట చెప్పిస్తానా?" అన్నారు. అప్పుడు చూశాను, ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కావలి రోడ్డు ఎక్కాక మళ్ళీ ఆమే అన్నారు. "పుస్తకం ప్రకారం నువ్వు చేసింది తప్పు కాదు. సగటు నింపినానని ఒక ముక్క రాసి చూపించు, ఎవురూ వేలెత్తరు. నేను సంతకం పెడతా. తీసేసి చూపించినా పెడతా. నీ బతుకు గురించి నేను చెప్పకూడదు." ఎటో ఒకటి చెప్పెయ్యొచ్చు కదా అని లోలోపల తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున ల్యాబ్ తెరిచి పదహారు గడులూ మళ్ళీ ఖాళీ చేశాను. పక్కన ఇంకో వరుస పెట్టి, పోలమ్మ చెప్పిన కారణాలు రాశాను. ఆమెకి గుర్తురాని రోజులకి తెలియదు అని రాశాను. ఆ రోజులు వదిలేసి ప్రోగ్రాం నడిపితే అంచనాలు గాడి తప్పాయి. సరిచేసే వ్యవధి లేదు. ప్రదర్శనలో పరీక్షకుడు ఒకాయన పట్టిక చూసి, "ఖాళీలు నింపే పద్ధతి మీకు నేర్పలేదా?" అన్నాడు. "నేర్పారు సార్. నింపాను. మళ్ళీ తీసేశాను" అన్నాను. ఎందుకో చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. సీటు మా క్లాసులో ఇంకొకరికి వెళ్ళింది.

మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే మేడమ్ వచ్చి పక్కన కూర్చున్నారు. మంచి పని చేశావని అంటారేమోనని భయపడ్డాను. అంటే లేచి వెళ్ళిపోయేదాన్ని. "ఏడువమ్మా. ఏడవాల్సిందే. నిన్ను ఆ బెంగళూరు బస్సెక్కియ్యాలని నేనెంత ఆశ పెట్టుకున్నానో ఆ దేవుడికి తెలుసు" అన్నారు. ఆ తర్వాత ఆమె కూడా ఏడ్చారు. అటూ ఇటూ పోయే పిల్లలు చూస్తున్నా కళ్ళు తుడుచుకోలేదు.

చాలా నెలలకి నెల్లూరులోనే ఒక చిన్న సంస్థలో పని దొరికింది. నాన్న ఊళ్ళో బెంగళూరు మాట ఎత్తడం మానేశాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడు సెలవు రోజుల్లో ఆ రెండు గదుల్లోనే నేనూ పాఠాలు చెబుతున్నాను. పిల్లలు ఏ పట్టిక తెచ్చినా, ఇందులో మనుషులు ఎవరు, వాళ్ళను కలిశారా అని అడగందే ముందుకు పోనివ్వను. నన్ను చాదస్తం మేడమ్ అంటారట. అనుకోనీ.

రిటైరయ్యాక ఆమె మంచాన పడ్డారు. చివరిసారి చూడబోయిన రోజు మధ్యాహ్నం, మాటల మధ్యలో హఠాత్తుగా, "ఒకటి అడగాలమ్మా నిన్ను. ఆ సీటు పోయినందుకు నా మీద కోపం పోయిందా?" అన్నారు.

ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న ఆమె మనసులో ఉందని నాకు తెలియదు. పోయింది మేడమ్ అనడానికి ఎంతసేపు? ఆ పరిస్థితిలో ఉన్న మనిషికి ఎవరైనా ఆ మాటే చెబుతారు. నాకూ నోటిదాకా వచ్చింది. కానీ ఆమె నా మొహంలోకే చూస్తున్నారు.

"కొంచెం ఉంది మేడమ్" అన్నాను.

చిక్కిపోయిన మొహమంతా నవ్వు పరుచుకుంది. నా చెయ్యి పట్టుకుని, "ఉండనీలే. పోయిందంటే నమ్మేదాన్ని కాదు" అన్నారు.

ఆ కొంచెం కోపం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆమె గుర్తొచ్చినప్పుడు ముందు అదే వస్తుంది. దాని వెనకే ఆ నవ్వు వస్తుంది, ఇక ఏడుపు ఆగదు.