మెట్ల మలుపులో మోడెం

నాకు ఏ బడీ చదువు చెప్పలేదు. చిక్కడపల్లి లైబ్రరీలో ఒక్క దినపత్రికను విడదీసుకొని, తలా ఒక కాగితం చదివి చేతులు మార్చుకున్న రోజుల్లో వచ్చిన చదువే నాది. పక్కవాడికి దొరక్కుండా దాచుకునేవాళ్ళంటే ఇప్పటికీ ఒళ్ళు మంట.

స్మార్ట్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులవి. మా అశోక్‌నగర్ ఇంటి పై గదిలో గ్రూప్స్‌కు చదువుకునే పిల్ల ఒకతె కిరాయికి ఉండేది. మహబూబ్‌నగర్ దిక్కు నుంచి వచ్చింది. ఆమె దగ్గర పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉండేది గాని, దానికి నెట్ లేదు. ఒకసారి దరఖాస్తుకు ఆఖరి రోజున నెట్ సెంటర్లో పొద్దంతా నిలబడింది. కుర్చీ దొరికేసరికి గడువు దాటిపోయింది. ఏడవలేదు. వచ్చి మా మెట్ల మీద కూచుంది, చీకటి పడ్డా లేవలేదు. ఆ పిల్ల గది దాకా అందే నెట్ పెట్టించి తీరాలని అప్పుడే అనుకున్నాను.

ఇంట్లోనే ఉండే నా కొడుకు అడ్డం తిరిగాడు.

"ఫోన్ ఆఫీసోళ్ళు ఇచ్చే మోడెం చాలు నాయినా. తీగ నా ల్యాప్‌టాప్‌కు పెట్టుకుంట. వైఫై ఇచ్చే యాంటెన్నాది ఎందుకు? కిరాయిదార్లకు నెట్ గూడ మనమే ఇయ్యాల్నా?"

"నీళ్ళు ఇస్తలేమా?"

"నీళ్ళిస్తే పోలీసులు రారు. కిరాయిదార్లు నెట్ల ఏం చూసినా నీ పేరు మీదికే వస్తది."

"పాస్‌వర్డ్ పెడత. మనం నమ్మి ఇల్లిచ్చినోళ్ళకు అది గూడ చెప్త."

నారాయణగూడలో దుకాణానికి నేనే పోయాను. దుకాణదారు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"పెద్దాయనా, జర మీ కొడుకును పంపున్రి. ఇవి మీకు సమజ్ కావు."

అంటూనే మూడు యాంటెన్నాల డబ్బా నా ముందర పెట్టాడు. దాన్ని తిప్పి వెనక చూశాను.

"ఫోను తీగ యాడ గుచ్చాలె?"

"దీనికి గుచ్చరు. ఇది ఉత్త రౌటర్. ఫోను తీగలకెల్లి నెట్ తీసే మోడెం ఇంట్ల వేరే ఉండాలె."

"ఉన్నదని నేనెప్పుడన్న? రెండూ ఒక్కదాంట్లనే ఉండేది తియ్యి."

"దానికి ఒకటే యాంటెన్నా ఉంటది మరి."

"నేను కొమ్ములు చూసి కొననీకి బర్రెల సంతకు రాలే. తియ్యి!"

తెచ్చాక ఇంట్లో ఇంకో తగాదా. ముందు గదిలో ఫోను పక్కన పెడితే నా కొడుకు గదికి బ్రహ్మాండంగా వస్తోంది, స్లాబు దాటి పైకి మాత్రం పోవడం లేదు. పొడుగాటి ఫోను తీగ ఒకటి తెచ్చి, డబ్బాను మెట్లు మలుపు తిరిగే చోట గూట్లో నిలబెట్టాను. పై గదికి అందింది. వెనకున్న నా కొడుకు గదికి అంతంతమాత్రమే.

"రెండు గీతలే వస్తున్నయి. ఈ ఇంట్ల కొడుకును నేనా, ఆమెనా?"

"నువ్వే. అందుకే నిన్ను మెట్ల మీద కూచోమంటున్న. ఆ పిల్ల కూచున్నది చాలు."

తరువాతి నోటిఫికేషన్ పడ్డప్పుడు పై గదిలోంచి కేక వినబడింది: "తాతా, దరఖాస్తు అయ్యింది!" నా కొడుకు మెట్ల మీదే ఉన్నాడు, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకొని. తల ఎత్తలేదు. ఆమె పరుగున దిగుతుంటే మాత్రం కాళ్ళు ముడుచుకొని దారిచ్చాడు.

ఆ డబ్బాను ఆ గూట్లోంచి ఎవరినీ జరపనివ్వలేదు.