మామగారికి తెరవని కోట తలుపు

కెనడాలోని కాల్గరీ మ్యూజియంలో జపాన్ యోధుల కవచాల ప్రదర్శన ఆ లాంగ్ వీకెండ్‌తో ముగుస్తుందని తెలిసింది. మంచులో అంత దూరం డ్రైవ్ చేసే ధైర్యం లేక, శనివారం ఉదయం ఎనిమిదికి నేనుండే రెజైనాలో బస్సెక్కాను. సీట్లన్నీ కాలేజీ పిల్లలతో నిండిపోయాయి. పులిహోర డబ్బా తెరవగానే పక్కసీటు అమ్మాయి నవ్వింది.

“తెలుగేనా అక్కా?”

పేరు రమ్య, ఊరు నిజామాబాద్. చదువు పూర్తయి రెజైనాలో ఒక తెలుగు రెస్టారెంట్‌లో పనిచేస్తోంది. దారిలో స్విఫ్ట్ కరెంట్ అనే ఊళ్లో కాఫీకి దిగినప్పుడు అసలు సంగతి చెప్పింది. రెస్టారెంట్ భాగస్వాములిద్దరూ గొడవపడి విడిపోయారు. ఒకాయన కాల్గరీలో కొత్తది పెట్టి, మేనేజర్ ఉద్యోగమిస్తాను, పీఆర్‌కి, అదే శాశ్వత నివాసానికి, సపోర్ట్ చేస్తాను రమ్మన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఇంటర్వ్యూ. రెజైనాలో ఉండిపోయినాయన ప్రసాద్ గారు.

“ఎవ్వరూ రూమ్ ఇయ్యనప్పుడు అంకులే వాళ్ల బేస్‌మెంట్‌ల ఉంచిండు. ఫ్రెండ్‌ని చూసొస్తా అని చెప్పి వచ్చిన. వర్క్ పర్మిట్ అయిపోవస్తుంది. ఏం చెయ్యాలె అక్కా?”

మర్నాడు ఉదయం ఖాళీయే అంటే, నాతో మ్యూజియానికి రమ్మన్నాను.

నేను ఆ రాత్రి ఊళ్లో తిరిగే సీట్రెయిన్ స్టేషన్ దగ్గర చిన్న లాడ్జిలో దిగాను. తను స్నేహితురాలింటికి వెళ్లి, ఉదయం మ్యూజియం తెరిచే వేళకు వచ్చింది.

గైడ్ ఒక జపాన్ పెద్దావిడ. నల్లటి కవచం ముందు ఆగి ఒక కొండసీమ ప్రభువు కథ చెప్పింది. ఆ కవచం ఆయనది కాదు గానీ ఆ కాలానిదేనట. దేశం రెండు పక్షాలై యుద్ధానికి దిగింది. ఆయన కొలిచే ఏలిక, పిల్లనిచ్చిన మామ ఒక పక్షం. కన్నతండ్రి, తమ్ముడు రెండో పక్షం. తండ్రీకొడుకులు ముగ్గురూ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు. ఆయన తన ఏలికకు ఇచ్చిన మాట తప్పలేనన్నాడు. తండ్రీ తమ్ముడూ వెళ్లిపోయారు. దారిలో ముసలి తండ్రి మనవలను చూడాలని కొడుకు కోటకు వచ్చాడు. ఎదుటి పక్షమని కోడలు కవచం తొడుక్కుని నిలబడి, మామగారికి తలుపు తెరవలేదు. మర్నాడు తనే పిల్లలను దగ్గరి గుడికి తీసుకెళ్లి ఆయనకు చూపించింది. చివరికి కొడుకు పక్షం గెలిచింది. తండ్రికీ తమ్ముడికీ మరణశిక్ష ఖాయమైతే, తన సేవలకు ప్రతిఫలంగా వాళ్ల ప్రాణాలడిగి దక్కించుకున్నాడు. ప్రవాసంలో ఉన్నవాళ్లకు తిండీ బట్టా పంపుతూనే ఉన్నాడట.

మిగతావాళ్లు ముందుకు కదిలినా రమ్య ఆ కవచం దగ్గరే ఆగింది.

“తలుపు తియ్యలే గానీ, పిల్లలను చూపిచ్చింది కదక్కా,” అంది.

బయటికి రాగానే, ఇంటర్వ్యూకి వెళ్లకముందే, ప్రసాద్ గారికి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేసింది. “వాడి దగ్గరికా?” అన్న మాట నాకూ వినిపించింది. ఆయన ఫోన్ పెట్టేశారు. రమ్య కళ్లు తుడుచుకుని ఇంటర్వ్యూకి వెళ్లింది. ఉద్యోగం వచ్చింది.

సోమవారం తిరుగు బస్సులో మళ్లీ పక్కపక్కనే కూర్చున్నాం. మెడిసిన్ హ్యాట్ ఊరు దాటాక రమ్య ఫోన్ మోగింది. ఈసారి స్పీకర్‌లో పెట్టింది.

“వాడు మాట మీద నిలబడే రకం కాదమ్మా,” అన్నారు ప్రసాద్ గారు. “పీఆర్ సంగతి కాగితం మీద పెట్టించుకో. అది చేతికొచ్చేదాకా ఇక్కడ పని మానకు.”

“సరే అంకుల్.”

“కోపం పోలేదు నాకు. బస్సు ఎన్నింటికొస్తుంది? బయట మైనస్ ఇరవై. కారు తెస్తాను.”

రమ్య టైము చెప్పి, కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. నేను కవచాలు చూద్దామని వెళ్లాను. వాటిని తొడుక్కున్నవాళ్లు ఎంత నలిగిపోయి ఉంటారో మాత్రం ఈ బస్సులోనే తెలిసింది.