ఆయుధపూజ నాడు బండి ఆగలేదు

మాది వనపర్తి. పోయిన దసరాకు ముందు మా ఆయన బైకు ముందు బ్రేకును ఇంట్లోనే విప్పారు. వీడియోలు చూసి పిస్టన్లు తోమి, కొత్త రబ్బరు సీళ్లు, ఖరీదైన ప్యాడ్లు వేశారు.

"మెకానిక్‌కు ఇస్తే అరగంట పని. మీకు రెండు దినాలా?" అని దెప్పుతూనే ఉన్నాను.

పండుగ పొద్దున ఆయన స్నానానికి వెళ్లగానే బండికి పూజ చేశాను. కత్తిపీటకు, కొడవలికి చేసినట్టే, ముందు చక్రం డిస్కుకూ కొబ్బరినూనె రాసి బొట్లు పెట్టాను.

ఇద్దరం శ్రీరంగాపూర్ గుడికి బయలుదేరాం. మా వీధి చివర మలుపులోనే ఎడ్లు అడ్డమొచ్చాయి. ఆయన బ్రేకు పట్టినా బండి ఆగలేదు. వెనక బ్రేకు తొక్కి, పక్కనున్న ఇసుక కుప్పలోకి పోనిచ్చారు. ఎడ్లకు అడుగు దూరంలో ఆగాం.

"మెకానిక్‌కు ఇయ్యమంటే ఇయ్యకపోతిరి! మీ రిపేరు నన్ను సంపుతుండె!" అని అరిచాను.

ఆయన డిస్కును వేలితో తాకి వాసన చూశారు. "ప్యాడ్లు పట్టి ఆపేదే దీన్ని. దీనికి నూనె ఎవలు రాసిన్రు?"

"కత్తిపీటకు రాసిన... దానికీ రాసిన."

ఎడ్లాయన పకపకా నవ్వాడు. "మంచిగ పూజ చేసినవ్ అక్కా! జరైతే సీదా దేవుని దగ్గరికే పోతుంటిరి."

మా ఆయన తిడితే వాదించి గెలిచేదాన్ని. తిట్టలేదు. బండిని ఇంటిదాకా తోసుకొచ్చి, నూనె పీల్చి పాడైన కొత్త ప్యాడ్లు విప్పి నా చేతిలో పెట్టారు. రెండు రోజులు పక్కనే నిలబడి వంకలు పెట్టాను గానీ, ఆ డిస్కు ఏం చేస్తుందో ఒక్కసారి కూడా అడగలేదు.