పక్కింటివాళ్ల రోమ్ యాత్ర

మాది మెల్‌బోర్న్‌లోని క్లైడ్ నార్త్. రెండేళ్ల క్రితం స్కూలు సెలవులయ్యాక పక్కింటి సునీత, "రెండు వారాలు రోమ్ వెళ్లొచ్చాం" అంటూ అందరికీ ఫ్రిజ్ మాగ్నెట్లు పంచింది. అప్పటిదాకా ఇండియా తప్ప ఎక్కడికీ వెళ్లని నాకు ఒళ్లు మండింది. పైగా ఇక్కడ వారానికోసారి చెత్త లారీ కోసం ఎవరి బిన్ వాళ్లే బయటపెట్టాలి; ఆ రెండు వారాలూ వాళ్ల బిన్ ఠంచనుగా రోడ్డు పక్కకి వచ్చింది. పెట్టింది నేను కాదు.

ఒంటరిగా ఉన్నప్పుడు అడగొచ్చు. అడగలేదు. మా ఇంట్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ దాకా ఓపిక పట్టాను. పదహారు మంది బిర్యానీ ప్లేట్లతో కూర్చున్నాక, "సునీతా, రోమ్ కబుర్లు చెప్పవా" అన్నాను. కొలోసియం దగ్గర క్యూ, ట్రెవీ ఫౌంటెన్‌లో నాణెం వేయడం, అన్నీ చూసినట్టే చెప్పింది.

"మరి మీ బిన్ బయటపెట్టడానికి రోమ్ నుంచి ఎవరొచ్చారమ్మా?" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు.

అప్పుడు వాళ్ల తొమ్మిదేళ్ల పాప నా వైపు చూసి, "ఆంటీ, డాడ్ లాస్ట్ హిజ్ జాబ్. వుయ్ జస్ట్ స్టేడ్ హోమ్, కర్టెన్స్ క్లోజ్డ్" అంది. సునీత ప్లేటు కింద పెట్టి, పాప చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. రెండు నెలల్లో ఇల్లు కూడా ఖాళీ చేశారు.

మొన్న మేం నిజంగానే రోమ్ వెళ్లాం. కింద మనుషులు చస్తుంటే జనం ఇక్కడ కూర్చుని తింటూ చూసేవారని కొలోసియంలో గైడ్ చెప్పాడు.

"ఎంత రాక్షసులో!" అన్నారు మావారు.

ఆ రోజు మా హాల్లో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారో నాకింకా గుర్తుంది.