చేత్తో చేసిన లెక్క

డాక్టరేటు చేతికొచ్చాక కూడా నేను బెళుగుప్పలో నాయన పెట్టే తిండి తింటూ కూర్చున్నాను. లోహాల మీద పరిశోధన చేసినవాడికి మా ఊళ్లో ఏం పని? ఏదో ఒక పరిశోధనశాలలో ఫెలోషిప్పు దొరికితే తప్ప నా చదువు ముందుకు సాగదు. అడిగినచోటల్లా ఒకటే ప్రశ్న, "మీ గైడు ఏమంటారు?" అని. మా గైడు నా పట్టా చూడకుండానే పోయారు. పోయినాయన సిఫారసు ఎక్కణ్ణించి తేను?

ఆ ఏడు బెంగళూరులో ఒక ఫెలోషిప్పు పడింది. అదీ తప్పితే నాకు వయసు మించిపోతుంది. రాగిలో వేరే లోహం కలిపితే పరమాణువుల కదలిక ఎట్లా మారుతుందో మీ కంప్యూటరు మీద లెక్కగట్టి చూస్తానని దరఖాస్తు పెట్టాను. ఇంటర్వ్యూకు చాలా గడువుంది. సిఫారసు లేనివాణ్ణి, పనితనమైనా చూపించాలి కదా! ఆ లెక్కంతా చేత్తోనే చేసి పట్టుకుపోదామని మొండికెత్తాను.

వానలు మొహం చాటేసిన ఏడు అది. వేరుశనగ విత్తనం ఇంట్లోనే ఉండిపోయింది. పనుల్లేని మగవాళ్లంతా మా అరుగు ముందు నిలబడి, "ఏమప్పా, నీ సదువు ఇంగా అయిపోలేదా?" అనేవాళ్లు. ఒళ్లు మండిపోయేది. చెమటకు కాయితం తడవకుండా మోచేతి కింద తువ్వాలు పరుచుకుని, లాగరిథం పట్టికలు ముందేసుకుని అంకెలు రాస్తూ పోయాను. ఒక్కచోట తప్పితే ఆ వారం పనంతా గంగలో కలిసేది. ఏడుపొచ్చేది. మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి.

"వాడు లెక్క చేస్తాండాడు, పలకరించొద్దండప్పా" అని నాయన అందర్నీ అదిలించేవాడు.

ఇంటర్వ్యూలో ప్రొఫెసరు నా కాయితాలు తిరగేసి, "ఇదంతా చేత్తోనా!" అని ముక్కున వేలేసుకున్నారు. కంప్యూటరులో వేసి చూస్తామని, మర్నాడు రమ్మన్నారు.

వెళ్లేసరికి యంత్రం ఇచ్చిన అంకెల పక్కన నా అంకెలున్నాయి.

"ఒక్క తప్పు లేదు. భేష్!" అన్నారు. అమ్మయ్య, గట్టెక్కాననుకున్నాను. అంతలోనే ఆయన గొంతు తగ్గించారు. "కానీ మీరు చేస్తానన్న పని అయిపోయింది కదండీ. ఇక ఫెలోషిప్పు దేనికివ్వమంటారు?"

"ఇంకో పని చేస్తానండీ, ఏది చెబితే అది!" సిగ్గు విడిచి ఆయన చేతులు పట్టుకున్నాను. కమిటీ ముందుకొచ్చిన ప్రతిపాదన మార్చడానికి లేదన్నారు. పని ఇంకా మొదలుపెట్టని మరొకతనికి ఇచ్చేశామన్నారు. నా కష్టమే నా నోట్లో మన్ను కొట్టింది. ఎవణ్ణి తిట్టుకోవాలో కూడా తెలియలేదు.

బస్సు దిగి ఇల్లు చేరేసరికి నాయన గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏమైంది? లెక్క తప్పు పోయిందా?"

"లేదు నాయనా. అంతా సరిపోయింది. కంప్యూటరుతో కూడా చూశారు."

ఫెలోషిప్పు సంగతి చెప్పబోయాను. నాయన అప్పటికే వీధిలోకి వెళ్లి కేకలేస్తున్నాడు.

"మావోడి లెక్క సరిపోయిందంటప్పా! మిషనుతో చూసి చెప్పినారంట!" అని నలుగురికీ చెప్పి, నవ్వుకుంటూ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. "మళ్లా ఎప్పుడు పోవాల, పనిలో చేరేదానికి?"

నేను గుమ్మంలోనే కూలబడి భోరున ఏడ్చేశాను.