సారు మెచ్చని బంగారు గిటారు

మా అమ్మాయికి స్టీల్ గిటార్ నేర్పిన సారు పోయిన ఆదివారం పొద్దున్నే కన్నుమూశారు. కబురు విని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఇప్పుడు రాస్తుంటే మాత్రం సంతోషంతో చేయి ఆగడం లేదు. తప్పుగా అనుకోకండి, ఎందుకో చెబుతాను.

సారు శ్రీరాంపూర్ బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యారు. మా చర్చిలో స్టీల్ గిటార్ వాయించేవారు. ఒళ్లో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించే గిటార్ అది. ఆ వాయిద్యం ఎంత మెత్తనో, తళుకుల రంగుల మీద సారు నోరు అంత కరుకు. అమ్మాయికి గిటార్ కొందామంటే మంచిర్యాల దుకాణానికి మా వెంట వచ్చారు. దుకాణదారు రంగుల కార్డు తెరిచాడు. బంగారు మెరుపులు అద్దినది, ముత్యపు రేకు అతికించినది, క్రోమ్ పూసినది. సారు ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టారు.

"గిది పెండ్లి కారు. గిది హోటల్ బల్ల. గిది సెలూన్ అద్దం. గిండ్ల గిటారు యాడున్నది తమ్మీ?"

"గిరాకీ గీటికే ఉన్నది సార్."

"చెవులు లేనోళ్ల గిరాకీ!"

పలుచగా వార్నిష్ వేసిన ఉత్త చెక్క గిటారే ఇప్పించారు.

మా చర్చి సంఘపెద్ద తన కొడుక్కి ఆ బంగారుదే కొన్నాడు. మా కాలనీలో గాలి నిండా బొగ్గుపొడి. వాళ్లింటిల్లిపాదీ రోజూ పొడిగుడ్డతో, ఆ బొగ్గు రవ్వలతో సహా, దాన్ని రుద్ది రుద్ది తుడిచారు. కొన్నాళ్లకే బంగారం గీతలు పడి, శుక్లం పట్టిన కన్నులా మసకేసింది. సారు ముందు దుమ్ము ఊది, తర్వాతే తడిగుడ్డ అద్దేవారు. మా అమ్మాయికి మొదటి పాఠం అదే. సంఘపెద్ద గిటారును చూసి, "మంచిగ అరగదీసిన్రు. జర వాయించుడు గూడ నేర్పుండ్రి," అన్నారు.

ఆ కోపంతో అతను మా అమ్మాయిని చర్చిలో వాయించనివ్వలేదు. "వీడియో తీస్తున్నం అన్నా. గా చెక్కముక్క ఎట్ల కనవడ్తది?" అన్నాడు. సంగీతాన్ని కళ్లతో వినే మనిషి! మంచం పట్టాక సారు నా చేయి పట్టుకుని, మా అమ్మాయిని చూపి, "నా బిడ్డ మందిల ఒక్క పాట వాయిస్తే సాలు," అన్నారు. అది వినకుండానే పోయారు.

శవపెట్టెను ఎత్తాక, కదలకముందు ఇంటి ముందర పాట పాడడం మా సంఘం ఆనవాయితీ. సంఘపెద్ద కొడుకు ఆ మసక బంగారాన్నే పట్టుకొచ్చి కూర్చోబోయాడు. సారు భార్య లేచి నిలబడింది.

"ఆయన ఉన్నన్నాళ్లు గీ తళుకు మా గడప తొక్కలే. ఇయ్యాల గూడ తొక్కద్దు. బిడ్డా, నువ్వు గూసో."

అమ్మాయి కూర్చుని చెక్క గిటారు ఒళ్లో పెట్టుకుంది. నా గుండె ఎంత పొంగిందో రాయడానికి నాకొచ్చిన చదువు చాలదు.

పెట్టె అప్పటికే భుజాల మీద ఉంది. ముందువైపు పట్టినవాడు సంఘపెద్దే. పాట మొదలయ్యాక ఎవరూ అడుగు వేయలేదు. కడ్డీ చివరి స్వరం మీదికి మెల్లగా జారుతుంటే, ఆ బరువు కింద, ఎండలో, అతను కళ్లు మూసుకుని అలాగే నిలబడి ఉన్నాడు.